చెరువు గట్టు మీద డిగ్రీ ప్రాక్టికల్స్: ఈ ఏటి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

చెరువు బాగోగులు చూసుకునే మన సంఘం ఈ ఏడాది చేసిన పనుల్లో ముందుగా చెప్పాల్సింది డిగ్రీ విద్యార్థుల సంగతే. జీవావరణ శాస్త్రం ప్రాక్టికల్స్ మన చెరువు దగ్గర పెట్టుకుంటామని లెక్చరర్లు అడిగినప్పుడు మనలో చాలామంది పెదవి విరిచారు. కారణం ఉంది. ఇంతకుముందూ పిల్లలు వచ్చారు, సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లారు, రికార్డులు రాసి మార్కులు తెచ్చుకున్నారు. ఆ నీళ్లలో ఏం తేలిందో మనకెవరూ చెప్పలేదు. అందుకే ఈసారి ఒక్కటే షరతు పెట్టాం: తేలిందేదో సెమిస్టర్ ముగిసేలోపు మన సమావేశంలో మామూలు మాటల్లో చెప్పాలి. దానికీ మార్కులు కలుపుతామని లెక్చరర్లే అన్నారు.

మొదట్లో వాళ్లు పదకొండింటికి వచ్చి నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచేవారు. లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటే ఉండేది. చెరువు బాగుందని రాసేసుకున్నారు. రోజూ గట్టు మీద నడిచే మన పెద్దాయన ఒకరు అది చూసి, "ఆ టైముకి బాగానే ఉంటుందమ్మా, తెల్లారకముందు రండి, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటాయి" అన్నారు. వచ్చారు. అంకె ఎంతలా పడిపోయిందంటే, మీటరే పాడైందనుకుని కడిగి, సరిచూసి, మళ్లీ ముంచారు. అదే అంకె. పగలు నాచు, నీటి మొక్కలు ఆక్సిజన్ వదులుతాయి. రాత్రంతా అన్నీ పీల్చుకోవడమే. అందుకే సూర్యోదయానికి ముందు అట్టడుగుకు వస్తుంది. ఇది పాఠంలో ఉన్నదే, పరీక్షలో రాసిందే. కాలేజీ టైంటేబుల్‌లో ఆ పీరియడ్ లేదంతే.

మన తప్పూ ఒకటి బయటపడింది. శ్రమదానంలో తీసిన గుర్రపుడెక్కను ఏళ్లుగా గట్టునే కుప్పపోస్తున్నాం. "ఇది కుళ్లితే ఎక్కడికి పోతుందండీ?" అని ఒక అమ్మాయి అడిగింది. వాన పడితే అందులోని నత్రజని, భాస్వరం తిరిగి చెరువులోకే, నాచుకు మేతగా. ఇప్పుడు దూరంగా గుంత తవ్వి ఎరువు చేస్తున్నాం. బట్టల సబ్బు నీళ్లతో భాస్వరం చేరి చెరువు పాడవుతుందా అని సమావేశంలో గొడవైనప్పుడు కెనడాలోని 226వ నంబరు సరస్సు కథ కూడా ఆ అమ్మాయే చెప్పింది: 1973లో శాస్త్రవేత్తలు దాన్ని తెరతో రెండుగా విడదీసి, రెండు వైపులా కార్బన్, నత్రజని వేసి, ఒక వైపు మాత్రం భాస్వరం కూడా కలిపారు. నాచు ముంచెత్తింది ఆ వైపే. గొడవ పూర్తిగా తీరలేదు గానీ, గొంతులు తగ్గాయి.

పక్షుల లెక్కింపు, మొక్కలు నాటడం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు విడిగా జతచేశాం.

అసలు చిక్కు సెలవులతో. పిల్లలు వెళ్లిపోతే మీటరూ కాలేజీకి వెళ్లిపోతుంది. ఎండలు ముదిరి చేపలకు కష్టమయ్యేది అప్పుడే. అందుకని 20 సెంటీమీటర్ల రేకు బిళ్లకు నలుపు తెలుపు రంగులేసి, తాడు కట్టి సెకీ బిళ్ల చేయించాం. అది ఎంత లోతులో కనుమరుగైతే నీరు అంత తేట. ఆక్సిజన్ చెప్పదు గానీ నాచు పెరుగుతోందో లేదో తెలుస్తుంది. తాడు మీద పెన్నుతో పెట్టిన గీతలు తడికి చెరిగిపోయి రెండు వారాల రీడింగులు పోయాయి. ఇప్పుడు ముడులు వేశాం.

వచ్చే సెలవుల్లో వారానికోసారి కొలవడానికి ఇంకా నలుగురు కావాలి. పేర్లు కార్యదర్శికి ఇవ్వండి.