పెద్ద చేపను ఎందుకు వదలాలో తెలుగులో చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

ప్రతి ఏటా గోదావరికి ఎర్రనీరు రాగానే యానాంలో పులస ఎంత పలికిందో మీ పత్రిక తప్పకుండా రాస్తుంది. సముద్రం నుంచి నదిలోకి ఎదురీది గుడ్లు పెట్టే ఆ చేప మీద మన పాఠకులకున్న మక్కువ అటువంటిది కాబట్టి అందులో తప్పు పట్టవలసింది లేదు. అయితే అదే స్వభావం గల మరొక చేప కోసం అమెరికా తూర్పు తీరంలోని తెలుగు కుటుంబాలు, ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని, ఆకులు రాలే కాలంలో సముద్రపు ఒడ్డుకు వెళ్లడం నాకు తరచుగా కనిపిస్తోంది. ఆ చేప గురించి గాని, దానిని పట్టడానికి ఉన్న నిబంధనల గురించి గాని మన పెద్దలు చదువుకోవడానికి తెలుగులో నాకు ఏమీ దొరకలేదు. మీ ప్రవాస పేజీలో ఆ లోటు తీర్చవలసిందని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఆ చేప పేరు స్ట్రైప్డ్ బాస్. గాలం వేసేవాళ్లు స్ట్రైపర్ అంటారు. వెండి రంగు ఒంటి మీద తల నుంచి తోక దాకా ఏడెనిమిది నల్లని చారలుంటాయి. వసంతంలో చీసపీక్ అఖాతంలో కలిసే నదులలోకి, హడ్సన్, డెలావేర్ నదులలోకి ఎక్కి గుడ్లు పెడుతుంది. ఆ తరువాత చాలా చేపలు వేసవిని మసాచుసెట్స్, మెయిన్ వంటి ఉత్తరపు చల్లని నీళ్లలో గడిపి, అక్కడ నీరు మరీ చల్లబడే వేళకు తిరిగి దక్షిణానికి దిగుతాయి. అలా దిగుతూ అక్టోబరు చివరి నుంచి డిసెంబరు మొదటి రోజుల దాకా, బంకర్ అని పిలిచే మెన్‌హేడెన్ చేపల గుంపులను తరుముకుంటూ న్యూజెర్సీ ఒడ్డుకు ఎంత దగ్గరగా వస్తాయంటే, పడవ అక్కరలేకుండా, అలలు విరిగే చోట నిలబడి తొమ్మిది పది అడుగుల గాలపు రాడ్డుతో ఎర విసిరితే అందుతాయి.

మా అమ్మగారిది భీమిలి దగ్గర ఒక జాలరిపేట. అక్కడ వేట మగవారిది, గంప ఆడవారిది. తండ్రి, అన్నదమ్ములు తెచ్చిన చేపను మొప్ప ఎత్తి చూసి ఏ పూట పట్టినదో చెప్పగలిగిన ఆమె, న్యూజెర్సీలో ఎడిసన్‌లోని మా ఇంటికి వచ్చేదాకా సముద్రంలోకి ఒక్కసారి కూడా గాలం వేసి ఎరగరు. ఆరు నెలల పాటు ఉండడానికి వచ్చిన తల్లిదండ్రుల ఒంటరితనం గురించి మీ పేజీలోనే చాలా చదివాను. కారు నడపలేక, భాష రాక, పిల్లలు పనికి వెళ్లాక కిటికీ దగ్గర కూర్చోవడం అందరూ రాసేదే, నిజమే కూడా. ఐలండ్ బీచ్ స్టేట్ పార్కులో మాత్రం మా అమ్మగారికి భాష అవసరం రాలేదు. ఒక పక్క అట్లాంటిక్, మరొక పక్క బార్నెగట్ అఖాతం ఉన్న, దాదాపు పది మైళ్ల పొడవైన ఇసుక దీవి అది. అలలు తెల్లగా విరుగుతున్న ఇసుక మేట ఎక్కడుందో, ఆ మేటకూ ఒడ్డుకూ మధ్య నీరు నల్లగా కనిపించే లోతు ఎక్కడుందో కాసేపు చూసి, చేప ఆ లోతు వెంటే తిరుగుతుందని చేత్తో చూపించారు. పక్కనున్న అమెరికన్ పెద్దాయన పెట్టెలోని బంకర్‌ను వాసన చూసి, ఇది మన కవళ్లకు చుట్టమేనని తేల్చారు. శాస్త్రం ప్రకారం కూడా ఆ చుట్టరికం ఉన్నదే. చీర మీద మా వారి పాత జాకెట్టు, తలకు మంకీ టోపీ, కాళ్లకు రబ్బరు బూట్లు తొడుక్కొని, తెల్లవారకముందే పోటు మొదలయ్యే వేళకు రాడ్డు పట్టుకొని నిలబడిన ఆమెను చూశాక, అమెరికాలో ఆమెకు ఇంతకన్నా నచ్చే చోటు మరొకటి చూపించగలనని నేను అనుకోవడం లేదు. నయాగరా చూసినప్పుడు "నీళ్లే కదా" అని ఊరుకున్నారు.

చిక్కంతా చేప పడ్డాక వస్తుంది. నేను ఈ లేఖ రాసే నాటికి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, న్యూజెర్సీ సముద్రపు ఒడ్డున పట్టిన స్ట్రైపర్ 28 అంగుళాలకు తగ్గకుండా, 31 అంగుళాలకు మించకుండా ఉంటేనే ఇంటికి తీసుకువెళ్లవచ్చు. అదీ మనిషికి రోజుకు ఒకటి. విడిగా అనుమతి తీసుకొని అదనంగా పట్టే బోనస్ చేప సంగతి వేరు. చిన్నదానిని వదలమంటే ఎవరికైనా అర్థమవుతుంది గాని, పెద్దదానిని వదలమంటే మన పెద్దవాళ్లకు మింగుడు పడదు. మా అమ్మగారి గాలానికి 31 అంగుళాలను బాగా దాటిన చేప పడి, దానిని మా వారు నీళ్లలోనే గాలం తీసి వదిలివేసినప్పుడు, పార్క్‌వే రహదారి మీద ఇల్లు చేరేదాకా ఆమె వాదన ఆగలేదు. చేతికి వచ్చిన చేపను పారేస్తే గంగమ్మ తల్లి మళ్లీ ఇస్తుందా అన్నారు. కొలబద్ద అన్నా, జరిమానా అన్నా వినలేదు. అంత పెద్దవి ఎక్కువగా ఆడవేనని, ముప్ఫై పౌన్లు దాటినవి దాదాపు అన్నీ ఆడవేనని, చేప పెరిగే కొద్దీ అది పెట్టే గుడ్లు లక్షల లెక్కన పెరుగుతాయని చెప్పాక మాత్రం, "ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదే" అని సర్దుకున్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరపడవల వేట ఎందుకు ఆపుతారో ఎరిగిన మనిషికి ఈ కారణం కొత్తది కాదు. కారణం విడిచిపెట్టి నిబంధన ఒక్కటే చెప్పినప్పుడే మన పెద్దలు దానిని ఇక్కడివాళ్ల చాదస్తమని కొట్టిపారేస్తున్నారన్నది నా అభిప్రాయం.

ఆ కారణం వెనుక ఒక చరిత్ర కూడా ఉంది. 1970ల చివరికి ఈ చేప విపరీతంగా తగ్గిపోవడంతో 1984లో అమెరికా కాంగ్రెస్ దీని రక్షణకే ఒక చట్టం చేసింది; మేరీలాండ్ రాష్ట్రం 1985 నుంచి 1990 దాకా వేటను పూర్తిగా ఆపింది; 1995 నాటికి చేప కోలుకుందని ప్రకటించారు. తిరిగి 2019లో వెలువడిన అంచనా, పట్టవలసిన దానికన్నా ఎక్కువ పడుతున్నారని తేల్చింది. 2020లో తీర రాష్ట్రాల ఉమ్మడి నిబంధనలో పై హద్దును 35 అంగుళాల దగ్గర పెట్టారు. 2022లో వేట ఒక్కసారిగా పెరగడంతో 2023లో అత్యవసరంగా దానిని 31కి దించారు. మేరీలాండ్ వారు 1954 నుంచి ప్రతి వేసవిలో చిన్న వలలు లాగి ఆ సంవత్సరం పుట్టిన చేప పిల్లలను లెక్కపెడుతున్నారు. దీర్ఘకాలపు సగటు వలకు 11 పిల్లలు కాగా, 2023లో ఒకటి, 2024లో రెండు వచ్చాయి. అట్లాంటిక్ సిటీలో 1982లో ఒడ్డు నుంచి పట్టిన 78 పౌన్ల 8 ఔన్సుల చేప 2011 దాకా ప్రపంచ రికార్డుగా నిలిచింది. నేడు అటువంటిది పడితే ఎవరైనా సరే వదలవలసిందే.

వదలడంలోనూ పద్ధతి ఉంది. వదిలిన ప్రతి వంద చేపల్లో 9 చనిపోతాయని అధికారులు లెక్క కడతారు. గాలం వేసే వాళ్ల సంఖ్యను తలుచుకుంటే అది చిన్న లెక్క కాదు. ముక్కలు కోసిన బంకర్ వంటి ఎర వాడేవాళ్లు సర్కిల్ హుక్కులే వాడాలని నియమం పెట్టింది ఇందుకే, ఎందుకంటే మొన లోపలికి వంగిన ఆ హుక్కు గొంతులో దిగకుండా దవడ మూలన పడుతుంది. దానికి చేప తగలగానే రాడ్డును ఎగలాగకూడదు, నిదానంగా రీలు చుట్టాలి. చేపను పొడి ఇసుక మీదికి ఈడ్వడం, ఫొటో కోసం దవడ పట్టుకొని నిలువునా వేలాడదీయడం మానుకొని, తడి చేతులతో పొట్ట కింద ఆనించి, అది తనంతట తాను ఈదుకుపోయేదాకా నీళ్లలో పట్టుకోవాలి. అన్నట్టు, ఈ వేట జోరుగా సాగేది సరిగ్గా కార్తీక మాసంలో. నీచు ముట్టని కుటుంబాలకు పట్టి వదిలేసే ఆటలో ఇబ్బందే ఉండదు!

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. న్యూజెర్సీ సముద్రంలో గాలం వేయడానికి రుసుము లేదు గాని, 16 ఏళ్లు నిండినవారు, చూసిపోవడానికి వచ్చిన పెద్దలు సహా, రాష్ట్రపు ఉచిత రిజిస్ట్రీలో పేరు నమోదు చేసుకోవాలి. పట్టిన స్ట్రైపర్‌ను అమ్మడం నేరం; తెలిసినవాళ్లకు వెల కట్టి ఇచ్చినా అమ్మకమే. ఈ చేపలో పాదరసం, పీసీబీలనే హానికర రసాయనాల వంటివి చేరుతాయి కాబట్టి గర్భిణులు, చిన్న పిల్లలు ఎంత తినవచ్చో రాష్ట్రం సూచనలిస్తుంది. మనవలకు మొదటి ముక్క పెట్టే అలవాటున్న మన ఇళ్లలో వాటిని చదవడం మంచిది. వేడర్స్ అనే, ఛాతీ దాకా ఉండే, నీరు చొరని తొడుగు వేసుకుంటే పైన బెల్టు బిగించాలి, లేకపోతే అల కొట్టి పడినప్పుడు లోపల నీరు నిండి లేవనీయదు. ఈశాన్యపు గాలివాన తరువాత చేప బాగా పడుతుందన్నది నిజమే గాని, అలలు ఇంకా ఎత్తుగా ఉన్న రోజున వయసు మళ్లిన వారిని నీటి అంచుకు తీసుకువెళ్లకండి.

కాబట్టి ఏటా సెప్టెంబరులో మీ ప్రవాస పేజీలో, న్యూజెర్సీకే గాక న్యూయార్క్, మసాచుసెట్స్ రాష్ట్రాలకు కూడా, ఆ ఏటి కొలతలను వాటి కారణాలతో సహా సులభమైన తెలుగులో, పెద్ద అక్షరాలలో వేయవలసిందిగా కోరుతున్నాను. ఈ హద్దులు మారుతూ ఉంటాయి కనుక పాత వార్తను తిరిగి వేయకుండా, ఆయా రాష్ట్రాల మత్స్య విభాగాల ప్రకటనలతో సరిచూసి ప్రచురించాలి. పాఠకులు పెద్ద చేపతో దిగిన ఫొటోలు పంపితే, అది ఎన్ని అంగుళాలో, దానిని వదిలారో లేదో అడిగి తెలుసుకొని, ఆ మాట కూడా ఫొటో కింద వేయండి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
ఎడిసన్, న్యూజెర్సీ