కన్నా ప్లాను సంగతి

చి.ల.సౌ. శారదకు,

నాన్న దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలు కాస్త నయం. వీధి గేటుకు పచ్చరంగు వేయించాను, అమ్మకు నచ్చలేదు. మెల్‌బోర్న్‌లో చలి తగ్గిందా? నా మనవడు కన్నా స్వెట్టరు లోపల బనీను వేసుకుంటున్నాడా?

రాజ్యం కోడలు చవితి పూజలో నిన్ను చూసిందట. కన్నాకు థెరపీ మాన్పించావని, వైకల్యం ఉన్నవారికి అక్కడి సర్కారు సాయం చేసే ఎన్‌డీఐఎస్ పథకం ప్లానులో నేర్పించడానికి ఇచ్చిన డబ్బు అలాగే పడి ఉందని ఇక్కడికి ఫోను చేసి చెప్పింది. ఆ అమ్మాయి నోటి సంగతి మనకు తెలిసిందే. నేను నమ్మలేదు.

ఊరికే కూర్చోలేక నువ్వు నిరుడు పంపిన కాగితాలు మళ్ళీ తీశాను. ట్రెజరీలో జీవితం గడిపినవాడిని, 2013 చట్టంతో వచ్చిన మీ ఎన్‌డీఐఎస్ నాకు పద్దుల పుస్తకంలాగే కనిపించింది. రోజువారీ సాయానికి ఇచ్చే కోర్ పద్దులో చాలావరకు అటూ ఇటూ సర్దుకోవచ్చు. సొంతంగా చేసుకోవడం నేర్పడానికి ఇచ్చే కెపాసిటీ బిల్డింగ్ పద్దు అలా కాదు, ఏ విభాగానికి ఇచ్చిన డబ్బు ఆ విభాగానికే. స్పీచ్ థెరపీకి ఇచ్చినది తీసి నలుగురిలో కలవడం నేర్పే విభాగంలో వాడలేవు. 2025 మే నుంచి కొత్త ప్లానుల్లో డబ్బు విడతలుగా వస్తోంది. ఒక విడతలో మిగిలినది తర్వాతి విడతకు చేరుతుంది గాని, ప్లానే మారితే కొత్తదాంట్లోకి రాదు. మార్చి 31న మన గ్రాంట్లు మురిగిపోయినట్టే. బిల్లులు కట్టే ప్లాన్ మేనేజరు ఫీజు విడిగా ఇస్తారు, కన్నా థెరపీ డబ్బులోంచి పోదు. ఆ లెక్క చూసుకుని ఆగి ఉంటే ఆగవద్దు. ఆగావని అనడం లేదు.

నీకు చంద్రం బాబాయి వక్కపొడి సంగతి తెలియదేమో. వాడికి లెక్క రాదు, మాట తడబడేది. మీ నాయనమ్మ రోజూ సాయంత్రం చిల్లర కాగితంలో చుట్టి సుబ్బయ్య కొట్టుకు పంపేది. మొదట చెయ్యి పట్టుకుని తానే వెళ్ళింది. తర్వాత పది అడుగులు వెనక నడిచింది. ఆ తర్వాత అరుగు మీద నిలబడి చూసేది. ఒకరోజు వాడు వక్కపొడికి బదులు బెల్లం పట్టుకొచ్చాడు. తాతయ్య మండిపడ్డారు, పాలేరును పంపితే రెండు నిమిషాల పని కదా అని. నాయనమ్మ ఆ బెల్లంతో పరమాన్నం చేసి వడ్డించి, మర్నాడు మళ్ళీ చంద్రాన్నే పంపింది. ఇలా ఎన్నాళ్ళు సాగిందో! చివరికి ఇంటి సరుకులన్నీ వాడే తెచ్చేవాడు, సుబ్బయ్య తూకం తగ్గిస్తే నిలదీసేవాడు కూడా. పాలేరును పంపడం కోర్. నాయనమ్మ చేసినది కెపాసిటీ బిల్డింగ్. కన్నాకు మొదటిది బాగానే ఉంది, అన్నం తినిపించే మనిషి వస్తోంది. రెండోదాని సంగతే అడుగుతున్నాను.

చెప్పకూడదనుకుంటూనే చెబుతున్నాను. లక్ష్యాలు చిన్నవిగా రాయించు. ‘సంభాషణ మెరుగుపడాలి’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. టోస్టు తానే చేసుకోవాలి, ట్రామ్ ఎక్కి టికెట్టుకు వాడే మైకీ కార్డు తానే ఆనించాలి, అలా ఉండాలి. థెరపిస్టు వాడికి నేర్పి వెళ్ళిపోవడం కాదు, ఇంట్లో మీరెలా చేయించాలో మీకూ నేర్పాలి, అడుగు. ప్లాను తిరిగి చూసేలోపు ఆవిడ చేత రిపోర్టు రాయించుకో. డబ్బు తగ్గించినా మూడు నెలల్లోపు నిర్ణయాన్ని మళ్ళీ చూడమని అడిగే హక్కుంది. బడిలో చదువుకు కావలసిన సాయం మాత్రం బడివాళ్ళే చూడాలి, దానికి ఈ ప్లాను కాదు.

అలిసిపోయి ఆపి ఉంటే అది వేరే సంగతి. చెప్పు, నేనో అమ్మో కొన్నాళ్ళు వచ్చి ఉంటాం. అల్లుడు గారికి రాత్రి డ్యూటీలు తగ్గాయా? నువ్వు మధ్యాహ్నం భోజనం నిలబడి చేయడం మానావా?

ఆదివారం ఫోను చెయ్యి, కన్నాను చూపించు. ఎప్పుడు చేసినా పడుకున్నాడంటున్నావు. మీకు సాయంత్రం నాలుగింటికి పిల్లలెవరు పడుకుంటారమ్మా?

నాన్న