పారాసెటమాల్: ఆదివారం మందుల కవర్లు తీసుకురండి

అందరికీ నమస్కారం 🙏

చాలా ఇళ్లలో జ్వరాలు నడుస్తున్నాయి కదా. ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు కమ్యూనిటీ హాల్లో కూర్చుని ఎవరి మందులు వాళ్లు సరిచూసుకుందాం. జ్వరం, నొప్పి, జలుబు మందులన్నీ కవర్లతో సహా తీసుకురండి.

ఈలోగా జ్వరానికి, నొప్పికి వాడే పారాసెటమాల్ గురించి ఇవి చూసుకోండి.

పెద్దవాళ్లకు ఒకసారికి 500 నుంచి 1000 మి.గ్రా. డోసుల మధ్య 4 నుంచి 6 గంటలు. 24 గంటల్లో 4000 మి.గ్రా. దాటకూడదు. లివర్ సమస్య, రోజూ మద్యం అలవాటు, బాగా తక్కువ బరువు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగే వేసుకోండి.

నాకు ఎక్కువ భయం జలుబు మాత్రలతోనే. వాటిలో చాలావాటిలో పారాసెటమాల్ ఉంటుంది, తెలియకుండానే డోసు రెట్టింపవుతుంది. ఎసిటమినోఫెన్ అని రాసి ఉన్నా అదే మందు.

పిల్లలకు వయసు కాదు, బరువు చూడాలి: ఒకసారికి కిలోకు 15 మి.గ్రా. మించకూడదు, రోజుకు 4 డోసులు చాలు. డ్రాప్స్, సిరప్ గాఢత వేరు. వంటింటి స్పూన్‌తో కొలవొద్దు. 3 నెలల లోపు పాపాయికి జ్వరమొస్తే నేరుగా డాక్టర్ దగ్గరికే.

డోసు మించిందని అనుమానమొస్తే, మనిషి బాగానే కనిపిస్తున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. విరుగుడు 8 గంటల్లోపు అందితే బాగా పనిచేస్తుంది.

వచ్చేవాళ్లు శనివారం సాయంత్రంలోగా ఇక్కడే చెప్పండి. పెద్దవాళ్లు రాలేకపోతే వాళ్ల మందులు మీరు తెండి.