స్కాన్ నార్మల్ అన్నంత మాత్రాన

చిట్టితల్లీ,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. "స్కాన్ నార్మల్‌గానే వచ్చిందమ్మా. అంటే తప్పు నాదే, నాకే ధైర్యం లేదు." అప్పుడు నాకు నోట మాట రాలేదు, అందుకే రాస్తున్నాను.

నీకు తీసిన మెదడు స్కాన్‌లో చూసేది గడ్డ ఉందా, వాపు ఉందా, రక్తం కారిందా అని. డిప్రెషన్ అందులో కనిపించదు. మెదడులో భాగాలు ఒకదానితో ఒకటి ఎలా కలిసి పనిచేస్తున్నాయో చూడాలంటే ఫంక్షనల్ ఎంఆర్ఐ అనే వేరే రకం స్కాన్ కావాలి. ఏ పనీ చెప్పకుండా మనిషిని పడుకోబెట్టి, రక్తంలో ఆక్సిజన్ ఏయే చోట్ల ఒకే లయలో హెచ్చుతగ్గులవుతోందో చూస్తారు. ఊరికే ఉన్న మెదడు కూడా ఊరికే ఉండదని 1995లో శాస్త్రవేత్త భరత్ బిశ్వాల్ బృందం చూపించింది. మన గురించి మనం ఆలోచించుకునేటప్పుడు పనిచేసే భాగాలన్నీ ఒక జట్టు. డిప్రెషన్‌లో ఆ జట్టుకు, దిగులుతో ముడిపడ్డ చోటుకు మధ్య బంధం బిగుసుకుందని కొన్ని పరిశోధనల్లో తేలింది. 2019లో చైనాలో వెయ్యిమందికి పైగా రోగుల స్కాన్లు కలిపి చూస్తే, జబ్బు తిరగబెట్టినవాళ్ళలో ఆ జట్టులోపలి బంధం సడలి కనిపించింది. అందులో మందుల ప్రభావమూ ఉండొచ్చన్నారు. ఇవన్నీ చాలామంది సగటులు. ఒక్క మనిషి స్కాన్ చూసి ఉందనో లేదనో తేల్చలేరు.

ఆడవాళ్ళలో ఈ జబ్బు మగవాళ్ళకన్నా దాదాపు రెట్టింపు. హార్మోన్లు ఒక కారణమే, కానీ అంతా వాటి మీదికే నెట్టేస్తే నేను ఒప్పుకోను. పడ్డ మాటలు, మోసిన బరువులు కూడా మెదడు మీద పనిచేస్తాయి.

నువ్వు పుట్టిన కొత్తలో నేనూ ఈ దిగులులోకి వెళ్ళొచ్చాను. నీ తడి గౌను ఆరేయబోయి, క్లిప్పు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయేదాన్ని. ఎవరో ఎప్పుడో అన్న ఒక్క మాటే తలలో తిరుగుతూ ఉండేది. గౌను నీళ్ళు నా పాదాల మీద కారుతున్నా తెలిసేది కాదు. "ఆలోచించడం మానెయ్" అనేవాళ్ళు అందరూ. మానడం నా చేతిలో ఉంటే మానేదాన్ని కానా తల్లీ?

మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నీ అంతట నువ్వు ఆపకు. ఏ ఇబ్బందైనా డాక్టరుకు చెప్పు. బతకాలని లేదనిపిస్తే అర్ధరాత్రైనా సరే, ఆ క్షణమే నాకు ఫోన్ చెయ్.

మంగళవారం డాక్టరు దగ్గరికి నీతో నేనూ వస్తున్నాను. బయట కూర్చుంటాను. లోపలికి పిలిస్తే వస్తాను.

అమ్మ