అరకు రైలును విశాఖ నుంచి విడదీయకండి: రైల్వే మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రైల్వే శాఖ మంత్రి గారికి,

అరకులోయ నుంచి నమస్కారాలతో రాస్తున్నాను. వినతిపత్రాలు ఇచ్చాం, సంతకాలు చేయించాం, వచ్చిన నాయకులందరికీ చెప్పుకున్నాం. తీసుకున్నవాళ్లు తీసుకున్నారు, "చూస్తాం" అన్నవాళ్లు అన్నారు. ఎక్కడి నుంచీ ఒక్క ముక్క జవాబు రాలేదు. అందుకే నలుగురూ చదివేలా ఈ ఉత్తరం.

2025 ఫిబ్రవరిలో మీ కేబినెట్ వాల్తేరు డివిజన్‌ను పూర్తిగా ఎత్తేయకుండా విశాఖపట్నం డివిజన్ పేరుతో ఉంచింది. చాలా సంతోషించాం. అదే నిర్ణయంలో కొత్తవలస నుంచి పైకొచ్చే మా లైను మాత్రం ఒడిశాలోని రాయగడ డివిజన్‌కు పోయింది. విశాఖ డివిజన్ వాటాకు దాదాపు 410 కిలోమీటర్ల లైను, రాయగడ వాటాకు దాదాపు 680 వచ్చాయి. రాయగడకు డివిజన్ వచ్చినందుకు మాకేం బాధ లేదు, ఆ ప్రాంతానికి కూడా రైళ్లు కావాలి. కానీ శృంగవరపుకోట, బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, అరకు ఇవన్నీ ఆంధ్రాలోని స్టేషన్లే కదండీ. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ కోసం ఇన్నేళ్లు ఎదురుచూసింది మా ఊళ్లు జోన్ బయట మిగిలిపోవడానికా?

ఈ లైను మాకు ఏమిటో ఫైళ్లలో కనబడదు. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలడీలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు దించి జపాన్‌కు పంపడానికి 1960ల్లో ఈ కొండల్ని తొలిచి దీన్ని వేశారు. 58 సొరంగాలు, 84 వంతెనలు అని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. శిమిలిగుడ 996 మీటర్ల ఎత్తున ఉంది. కశ్మీర్ లోయకు లైను వచ్చేదాకా బ్రాడ్‌గేజ్‌లో దేశంలోకెల్లా ఎత్తయిన స్టేషన్ అదే.

మా నాన్న ఈ ఘాట్‌లోనే గ్యాంగ్‌మన్‌గా చేశారు. వానాకాలం వస్తే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. గొంగళి కప్పుకుని, చేతిలో లాంతరు, భుజాన సంచిలో డిటోనేటర్లు (బండి చక్రం ఎక్కగానే పేలి డ్రైవరును హెచ్చరించేవి) పెట్టుకుని రాత్రంతా పట్టాల వెంట నడిచేవారు. కొండ మీంచి బండ జారి పట్టాల మీద పడితే, పైనుంచి దిగుతున్న గూడ్సును దూరంలోనే ఆపాలి. అందుకు పట్టా మీద డిటోనేటర్ బిగించి, లాంతరు ఎర్రద్దం తిప్పి ఊపుకుంటూ బండికి ఎదురెళ్లాలి. తెల్లారి ఇంటికొచ్చాక ఆయన కాళ్లకున్న జలగల్ని అమ్మ ఉప్పు అద్ది తీసేది. అలాంటి మనుషులు ఈ ఘాట్‌లో ప్రతి స్టేషన్‌కూ ఉన్నారు. సొరంగాలు తవ్వినవాళ్లు, రాళ్లు మోసిన గిరిజనులు వాళ్లకంటే ముందున్నారు. మా ఊరి రైల్వే చరిత్ర వీళ్లదే.

అద్దాల బోగీ 2017లో వచ్చింది. మంచిదే, నాలుగు రాష్ట్రాల జనం వచ్చి చూస్తున్నారు. కానీ పగటి రైలు పొద్దున్నే విశాఖ నుంచి బయల్దేరి పైకొస్తుంది, మధ్యాహ్నం దాటాక కిందికి దిగుతుంది. తిరగడానికి వచ్చేవాళ్లకు అది సరిపోతుంది. విశాఖలో కేజీహెచ్ పెద్దాసుపత్రిలో పొద్దున ఓపీకి చూపించుకోవలసిన బాలింతకు, సీతాఫలాల బుట్టతో విశాఖ బజారుకు దిగాల్సిన కరకవలస ఆడమనిషికి ఆ టైము ఏ రకంగా పనికొస్తుంది? ఇప్పటిదాకా ఈ గోడు విశాఖలో డివిజన్ పెద్ద అధికారి డీఆర్ఎం గారి ఆఫీసుకెళ్లి తెలుగులో చెప్పుకునేవాళ్లం. రేపు రాయగడ వెళ్లి ఎవరికి చెప్పుకోవాలి? ఏ భాషలో చెప్పుకోవాలి? పొద్దున లేస్తే మా పనులన్నీ విశాఖతోనే. ఆసుపత్రి, కాలేజీ, సంత సరుకు, కూలి పని అన్నీ అక్కడే. రైలు ఒక్కటి మాత్రం వేరే డివిజన్ చేతిలో ఉండాలా?

రెండో లైను పనులు జరుగుతున్నాయి. ఖనిజం బళ్లకు అది అవసరమే, వద్దనడం లేదు. మా టెన్షన్ పాతవాటి గురించి. పాత వంతెనల నక్షాలు, పనివాళ్ల హాజరు పట్టీలు (మస్టర్ రోల్స్), సిగ్నల్ లాంతర్లు, ఆనాటి ఫొటోలు డివిజన్ మారే హడావిడిలో ఏ గోడౌన్‌లో పడతాయో! ఒకసారి చెత్తలోకి పోతే మళ్లీ దొరికేవి కావు అవి. అరకు స్టేషన్‌లో ఒక్క గది ఇవ్వండి చాలు. వాటిని అక్కడ పెట్టండి. ఈ లైను వేసినవాళ్లలో, కాపలా కాసినవాళ్లలో బతికున్న పెద్దవాళ్లతో మాట్లాడించి, వాళ్ల మాటలు రికార్డు చేయించండి. ఏటా వాళ్లు తగ్గిపోతున్నారు సార్.

కొత్తవలస నుంచి అరకు దాకా ఉన్న సెక్షన్‌ను విశాఖపట్నం డివిజన్‌లోనే ఉంచండి. సాంకేతికంగా కుదరదంటే ఎందుకు కుదరదో చెప్పండి, అర్థం చేసుకోలేనంత అమాయకులం కాదు. పొద్దున్నే విశాఖకు దిగే ఒక పాసింజర్ బండి వేయించండి. దయచేసి ఈసారైనా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. కాదన్నా సరే, కాగితం మీద కాదనండి.

ఇట్లు,
అరకులోయ వాసి, ఒక రైల్వే గ్యాంగ్‌మన్ కొడుకు