పప్పు మాన్పిస్తే పుండు మానదు

సంపాదకులకు,

నెలల తరబడి మానని పుండ్ల గురించి మాట్లాడేటప్పుడు మందులూ కట్లూ చర్చకు వచ్చినంతగా రోగి కంచం రాదు. మధుమేహం ఉన్న మా అత్తగారికి అరికాలిలో పుండు పడినప్పుడు, పప్పు తింటే చీము పడుతుందనీ, గుడ్డు వేడి చేస్తుందనీ పెద్దలు చెప్పిన మాట నమ్మి, నాలుగు నెలలపాటు ఆవిడకు మిరియాల చారు, మెత్తటి అన్నం, బీరకాయ కూర తప్ప మరేమీ పెట్టలేదు. కట్టు విప్పిన ప్రతిసారీ గాజుగుడ్డ తడిసి ముద్దయ్యేది. పుండు అంచులు పాలిపోయి, ఉన్నచోటే ఉండేవి. కట్టు మార్చే నర్సమ్మ ఒకరోజు ఏం తింటున్నారని ఆరా తీసి, ఆ గుడ్డతోపాటు రోజూ బయటకు పోతున్న రసిలో ఒంట్లోని మాంసకృత్తులే ఉన్నాయని చెప్పేదాకా మాకు ఆ ఆలోచనే రాలేదు.

ఆరోగ్యవంతులకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలని భారతీయ వైద్య పరిశోధన మండలి చెబుతుండగా, పోషకాహారలోపంతో ఉన్న పడకపుండ్ల రోగులకు అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు 1.25 నుంచి 1.5 గ్రాముల వరకు సూచిస్తున్నాయి. అంటే 50 కిలోల మనిషికి 62 నుంచి 75 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు. ఇక చారన్నం సంగతి చెప్పనక్కర్లేదు, పైగా అది చక్కెరనూ పెంచుతుంది. కొత్త కండను పట్టి ఉంచే కొల్లాజెన్ గట్టిపడాలంటే సి విటమిన్ కావాలి. అది కరవై స్కర్వీ సోకిన నావికులకు ఎప్పుడో మానిన గాయాలు సైతం మళ్లీ తెరుచుకునేవట. మన పెరట్లోని జామకాయలో అది పుష్కలం.

పప్పు, గుడ్లు, పెరుగు మొదలుపెట్టాక పుండు ఎర్రబారి క్రమంగా పూడుకుంది. అది తిండి మహిమ ఒక్కటేనని నేననను. ఇన్సులిన్ మోతాదును సరిచేసిందీ, కాలిపై బరువు పడకుండా ప్రత్యేకమైన చెప్పులు ఇచ్చిందీ అప్పుడే. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు మాంసకృత్తులు ఎంత తినాలో వైద్యుణ్ణి అడిగే నిర్ణయించుకోవాలి.

మాకిచ్చిన డిశ్చార్జి చీటీలో యాంటీబయాటిక్ పేరు, కట్టు మార్చే రోజులు ఉన్నాయి. తిండి దగ్గర మాత్రం "డయాబెటిక్ డైట్" అన్న రెండే మాటలు. ఏం తినకూడదో చెప్పడానికి వీధికి పదిమంది ఉన్నారు కనుక, ఏం తినాలో, ఎంత తినాలో ఆ చీటీలోనే తెలుగులో రాసి ఇవ్వాలని వైద్య ఆరోగ్య శాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తెనాలి