ఎలుగుబంట్లు రాత్రికి మారాయి, మనమూ కాస్త మారాలి

సంపాదకులకు నమస్కారం.

మాది కళ్యాణదుర్గం వైపు గుట్టల కింద పల్లె. చెనిక్కాయ పండిస్తాం. ఎలుగుబంటి కనబడగానే జనం కేకలు వేసి, రాళ్లు రువ్వి వెంటపడుతున్నారు. ఆ గోలలోనే బెదిరి అది మనిషి మీద పడుతుంది. దానికి చూపు తక్కువ, వాసన ఎక్కువ. పిల్లల్ని వీపు మీద మోస్తున్న తల్లి అయితే ఇంకా ప్రమాదం.

దాని తిండి చెదలు, చీమలు, తేనె, రేగిపండ్లు, సీతాఫలాలు. అయితే మన చేలల్లో చెనిక్కాయ, మొక్కజొన్న సులువుగా దొరుకుతున్నాయి. గుడి దగ్గర కొబ్బరి ముక్కలు, దీపాల నూనె కూడా వదలదు. పగలు బండల సందుల్లో పడుకుని, మనం నిద్రపోయాక దిగుతుంది. మనుషుల అలికిడి ఉన్నచోట పెద్ద జంతువులు చాలావరకు ఇలాగే రాత్రి తిరుగుళ్లకు అలవాటు పడతాయి. అది తెలివే, పొగరు కాదు.

హంపి దగ్గరి దరోజిలో ఇలాంటి గుట్టల్నే 1994లో ఎలుగుబంట్ల అభయారణ్యం చేశారు. మన గుట్టల్ని మాత్రం కంకర కోసం పగలగొడుతున్నారు. గుట్ట పోతే అది ఎక్కడ పడుకోవాలి? ఊళ్లోకే కదా!

పందుల కోసం పెట్టే కరెంటు తీగలు, నాటు బాంబులు వెంటనే ఆపాలి. పాడుబడ్డ బావులకు గోడ కట్టాలి, ఎలుగుబంట్లు వాటిలో పడుతున్నాయి. చీకట్లో చేనికి వెళ్లేవాళ్లు ఒంటరిగా పోకుండా, టార్చి పట్టుకుని మాట్లాడుకుంటూ నడవాలి. పంట నష్టపరిహారం ఆలస్యం లేకుండా అందితే రైతుకు కోపం సగం తగ్గుతుంది.

- ఒక మహిళా రైతు, అనంతపురం జిల్లా